నరానికెక్కే విటమిన్: ఖర్చెంత, ఫలితమెంత?

రెండు గంటల్లో పది నెలల విటమిన్ సి. భారత వైద్య పరిశోధన మండలి లెక్కలో ఒక మగమనిషికి రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. ‘హై డోస్’ డ్రిప్ పేరుతో ఒక్క సిటింగులో నరంలోకి ఎక్కించేది మామూలుగా 25 గ్రాములు, అంటే 25 వేల మిల్లీగ్రాములు. కొన్ని క్లినిక్కుల్లో 50 గ్రాములు ఎక్కిస్తారు. క్యాన్సర్ మీద జరిగిన ప్రయోగాల్లో 75 గ్రాముల దాకా వెళ్లారు. అంత విటమిన్ జామకాయల్లోంచి రావాలంటే బస్తా ఖాళీ చేయాల్సిందే.

అమెరికాలో ఈ డ్రిప్ ఒక్కసారి పెట్టించుకోవడానికి 150 నుంచి 300 డాలర్లు అడుగుతారు. ఒక్కసారితో అయిపోదు. క్యాన్సర్ రోగులకైతే వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి పెట్టాలంటారు. తక్కువ రేటే వేసుకున్నా నెలకు 1,200 డాలర్లు, లక్ష రూపాయలకు పైమాట. బీమా కంపెనీలు దీనికి పైసా ఇవ్వవు. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చి ఉన్న తల్లిదండ్రులకు తీసే విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బులకే సరిగ్గా పనికిరాదు, ఇక విటమిన్ డ్రిప్ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే, కీమో మొదలైన కొన్నాళ్లకే ఒక వెతుకులాట మొదలవుతుంది. ఇదే డ్రిప్ మెక్సికోలో ఎంత? జర్మనీలో ఎంత? హైదరాబాద్ వెళ్లి చేయించుకుంటే ఎంత మిగులుతుంది?

ఈ వెతుకులాటలో రెండు వేర్వేరు విషయాలు కలగలిసిపోయి ఉన్నాయి. ఒకటి, నలతగా ఉందని, జెట్‌ల్యాగ్ అని, ముఖం కాంతి కోసమని పెట్టించుకునే షోకు డ్రిప్. రెండోది, ప్రాణం మీదికి వచ్చిన జబ్బుకు ఆఖరి ఆశగా ఎక్కించుకునే భారీ డోసు. మొదటిది ఎక్కువగా జేబుకు మాత్రమే చిల్లు. రెండోదాని వెనక యాభై ఏళ్ల గట్టి వాదం ఉంది, రెండుసార్లు నోబెల్ గెలిచిన మనిషి పేరుంది, ఇప్పటికీ తేలని ప్రశ్నలున్నాయి.

షోకు డ్రిప్ కథ చిన్నదే. బాల్టిమోర్‌లో జాన్ మయర్స్ అనే వైద్యుడు మెగ్నీషియం, కాల్షియం, బి విటమిన్లు, సి విటమిన్ కలిపి రోగులకు నరంలోకి ఇచ్చేవాడు. 1984లో ఆయన పోయాక ఆ రోగుల్లో కొందరు అలన్ గేబీ అనే మరో వైద్యుడి దగ్గరికి వచ్చారు. ఆయన ఆ మిశ్రమాన్ని కొద్దిగా మార్చి ‘మయర్స్ కాక్‌టెయిల్’ పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. 2012లో లాస్ వేగాస్‌లో ఒక మత్తుమందు వైద్యుడు, రాత్రి తాగి పొద్దున తల పట్టుకున్న వాళ్ల కోసం ఏకంగా ఒక బస్సులోనే సెలైన్ సీసాలు వేలాడదీశాడు. అక్కడినుంచి డ్రిప్ బార్లు వీధివీధికీ వచ్చాయి. ఇప్పుడు దుబాయ్‌లో ఫోనులో ఆర్డరిస్తే నర్సు ఫ్లాటుకే వచ్చి సూది గుచ్చి వెళ్తుంది.

తెలుగువాళ్లకు సీసా మీద నమ్మకం మయర్స్ చెప్తే వచ్చింది కాదు. జ్వరమొచ్చి తగ్గినా, ఎండదెబ్బ తగిలినా, ఒంట్లో సత్తువ లేదనిపించినా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మంచం మీద పడుకుని ఒక సెలైన్ ఎక్కించుకోవడం మనకు అలవాటే. అందులోకి మల్టీవిటమిన్ మందు ఎక్కించగానే సీసా పసుపుపచ్చగా మారుతుంది. ఆ రంగు చూస్తేనే సగం నీరసం పోతుంది. తెల్ల సీసా కంటే పచ్చ సీసాకు డబ్బులెక్కువ. అమెరికా డ్రిప్ బారులో అమ్మేదీ దాదాపు ఈ సరుకే, తోలు కుర్చీ ఒక్కటే తేడా. నీళ్లు తగ్గిన ఒంటికి సెలైన్ ఎక్కితే కాస్త తేరుకోవడం నిజమే. విటమిన్ లోపం లేని మనిషికి మాత్రం అదనంగా ఎక్కించింది కొన్ని గంటల్లో మూత్రంలో పోతుంది.

ఇంతవరకైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ గొప్పలు చెప్పేచోట ప్రభుత్వాలు కలగజేసుకోక తప్పలేదు. టెక్సస్‌లో డ్రిప్‌లు అమ్మే ఒక సంస్థ తన సీసాలు క్యాన్సర్, మల్టిపుల్ స్క్లెరోసిస్, మధుమేహం లాంటి జబ్బులకు పనిచేస్తాయని ప్రచారం చేసుకుంటే, 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని ఆపించింది. అలాంటి కేసు అదే మొదటిది. 2021లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ, ఈ క్లినిక్కుల్లో మందులు కలిపే చోట శుభ్రత సరిగా లేదని హెచ్చరించింది. ఇంటి దగ్గర విటమిన్ డ్రిప్ పెట్టించుకున్న ఒక మనిషి రక్తమంతా విషమెక్కిన స్థితిలో ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. 2023లో టెక్సస్‌లోని ఒక బ్యూటీ స్పాలో డ్రిప్ పెట్టించుకున్న మహిళ చనిపోయింది. ఆ తర్వాతే, 2025లో, డ్రిప్ ఎవరు రాయాలి, ఎవరు పెట్టాలి అన్నదాని మీద ఆ రాష్ట్రం చట్టం చేసింది.

ఇక అసలు కథ. 1954లో రసాయనశాస్త్రానికి, 1962లో శాంతికి, రెండు నోబెళ్లు ఒంటరిగా గెలిచిన లైనస్ పౌలింగ్ 1970లో విటమిన్ సి జలుబుకు మందంటూ పుస్తకం రాశాడు. అమెరికాలో మందుల షాపులు ఖాళీ అయ్యాయి. స్కాట్లాండ్‌లోని వేల్ ఆఫ్ లెవెన్ ఆసుపత్రిలో యూవాన్ కామెరాన్ అనే సర్జన్, ఇక చేసేదేమీ లేదనుకున్న క్యాన్సర్ రోగులకు విటమిన్ సి ఇస్తున్నాడు. రోజుకు 10 గ్రాములు, మొదటి పది రోజులు నరంలోకి, ఆ తర్వాత నోటితో. 1976లో ఇద్దరూ కలిసి ఫలితాలు ప్రచురించారు. విటమిన్ ఇచ్చిన 100 మంది, ఇవ్వని 1,000 మంది కంటే సగటున నాలుగు రెట్లు ఎక్కువ కాలం బతికారని వాళ్ల మాట.

ఆ మాట పట్టుకుని ఇప్పటికీ క్లినిక్కులు నడుస్తున్నాయి. అయితే ఆ వెయ్యిమంది పక్క వార్డులో ఉన్నవాళ్లు కారు, ఆసుపత్రి పాత రికార్డుల్లోంచి ఏరిన పేర్లు. ఎవరికి విటమిన్ ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో చీటీ వేసి తేల్చలేదు. విటమిన్ ఇచ్చినవాళ్లను ‘ఇక చికిత్స లేదు’ అనే జాబితాలోకి కాస్త ముందే చేర్చి ఉంటే, వాళ్లు ఎక్కువ కాలం బతికినట్టు కాగితం మీద కనబడుతుంది. మేయో క్లినిక్ 1979లో, మళ్లీ 1985లో పద్ధతిగా పరీక్షించింది. రోగికీ డాక్టరుకూ ఎవరికి ఏ గోళీ ఇస్తున్నారో తెలియకుండా రోజుకు 10 గ్రాములు ఇచ్చారు. రెండుసార్లూ లాభం సున్నా. వైద్యలోకం ఆ ఫైలు మూసేసింది. పౌలింగ్ ఒప్పుకోలేదు. ఆయన భార్య ఎవా హెలెన్ 1981లో కడుపు క్యాన్సర్‌తో, ఆయన 1994లో ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయారు. ఆయనకప్పుడు 93 ఏళ్లు, కాబట్టి విటమిన్‌ను ఏదో ఒకటి అనడానికి అదేమంత సాక్ష్యం కాదు.

మూసిన ఫైలును తెరిచింది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసే మార్క్ లెవీన్. మేయో క్లినిక్ ఇచ్చింది నోటితో, కామెరాన్ మొదలుపెట్టింది నరంతో. రెండూ ఒకటేనా? 2004లో ఆయన బృందం లెక్క తీసింది. నోటితో మింగితే పేగు ఒక హద్దు వరకే పీల్చుకుంటుంది, మించింది మూత్రపిండాలు బయటికి తోసేస్తాయి. నాలుగు గంటలకోసారి 3 గ్రాములు మింగినా రక్తంలో విటమిన్ సి లీటరుకు 220 మైక్రోమోల్స్ దాటదు. అదే 50 గ్రాములు నరంలోకి పంపితే 13 వేలు దాటుతుంది. అరవై రెట్లు! ఆ స్థాయిలో విటమిన్ సి విటమిన్‌లా ప్రవర్తించదు. కణాల చుట్టూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. దాన్ని తట్టుకునే శక్తి చాలా క్యాన్సర్ కణాలకు మామూలు కణాల కంటే తక్కువని ప్రయోగశాలలో తేలింది. యాంటీ ఆక్సిడెంటు అని పేరు మోసిన పదార్థం అక్కడ సరిగ్గా దానికి వ్యతిరేకమైన పని చేస్తుంది.

కాబట్టి ‘అంతా మోసం’ అని కొట్టిపారేసేవాళ్లదీ తొందరే. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ముదిరిన పాంక్రియాస్ క్యాన్సర్ రోగులు 34 మంది మీద చేసిన ప్రయోగం 2024లో వెలువడింది. అందరికీ కీమో ఇచ్చారు. సగం మందికి కీమోతో పాటు వారానికి మూడుసార్లు 75 గ్రాముల చొప్పున విటమిన్ సి ఎక్కించారు. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం 8.3 నెలలు, రెండూ తీసుకున్నవాళ్లది 16 నెలలు. పాంక్రియాస్ క్యాన్సర్‌లో ఇది చిన్న మాట కాదు. 34 మంది చాలా చిన్న సంఖ్య అన్నదీ అంతే నిజం.

ఆ రెండో నిజం ఎందుకు ముఖ్యమో చైనా అనుభవం చూస్తే తెలుస్తుంది. అక్కడ పెద్దపేగు క్యాన్సర్ ఒళ్లంతా పాకిన 442 మందిని తీసుకుని, సగం మందికి కీమోతో పాటు కిలో బరువుకు ఒకటిన్నర గ్రాము చొప్పున విటమిన్ సి ఇచ్చారు. 60 కిలోల మనిషికి 90 గ్రాములు! 2022లో ఫలితం వచ్చింది. జబ్బు ముదరకుండా నిలిచిన కాలం ఒక వైపు 8.6 నెలలు, మరో వైపు 8.3 నెలలు. తేడా లేనట్టే.

ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్ విషయంలో ఇంకా ఘోరం జరిగింది. 2017లో అమెరికా ఐసీయూ వైద్యుడు పాల్ మారిక్, విటమిన్ సి, థయమిన్, స్టెరాయిడ్ కలిపి ఇస్తే మరణాలు 40 శాతం నుంచి 8.5 శాతానికి పడిపోయాయని రాశాడు. ఒక్కో వైపు 47 మంది రోగులు. ప్రపంచమంతా ఎగబడింది. కెనడా వైద్యుల ఆధ్వర్యంలో మూడు దేశాల్లోని 35 ఐసీయూల్లో 872 మంది మీద విటమిన్ సి ఒక్కదాన్నే పద్ధతిగా పరీక్షిస్తే 2022లో తేలింది వేరు. 28 రోజుల్లో చనిపోవడమో అవయవాలు కోలుకోకపోవడమో జరిగింది, విటమిన్ తీసుకున్నవాళ్లలో 44.5 శాతానికి, తీసుకోనివాళ్లలో 38.5 శాతానికి. మేలు చేస్తుందనుకున్నది కీడు చేసింది.

క్యాన్సర్‌కూ విటమిన్‌కూ ఉన్న బంధం ఎంత చిక్కుముడో అందరికంటే ముందు చూసినవాళ్లలో మన భీమవరం వాడు ఒకడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో చేరి, అక్కడి బృందంతో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేయించాడు. అదీ విటమినే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఆ తరహా మందులను క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. ల్యుకీమియా ఉన్న పిల్లల్లో జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. అయితే విటమిన్‌ను అడ్డుకుంటే? సుబ్బారావు బృందం దానికి విరుగుడుగా అమినోప్టెరిన్ తయారుచేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. రక్త క్యాన్సర్‌కు కీమో అలా మొదలైంది. ఆ కుటుంబంలోనిదే మెథోట్రెక్సేట్, ఈనాటికీ ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలో ఉంటుంది. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశాడు.

‘విటమినే కదా, మంచి చేయకపోయినా చెడు చేయదు’ అనేవాళ్లకు ఈ కథ చెప్పాలి. ఎముక మజ్జ క్యాన్సర్ మైలోమాకు వాడే బోర్టెజోమిబ్ మందు విటమిన్ సి సమక్షంలో బలం కోల్పోతుందని ప్రయోగశాలలో కనబడింది. అందుకే ఆ మందు మీద ఉన్నవాళ్లను విటమిన్ సి మోతాదులకు దూరంగా ఉండమంటారు. కీమో ఇచ్చే డాక్టరుకు చెప్పకుండా, వారాంతంలో వేరేచోట డ్రిప్ పెట్టించుకోవడం మనవాళ్లలో తక్కువేమీ కాదు. చెబితే తిడతారేమోనని భయం. తిట్టినా సరే, చెప్పాల్సిందే.

ఇప్పుడు చవక సంగతి. శాన్ డియాగో నుంచి సరిహద్దు దాటితే టిహువానా. అరవై ఏళ్లుగా అమెరికా ఒప్పుకోని క్యాన్సర్ చికిత్సలకు అదే అడ్డా. విడిగా ఒక డ్రిప్ తీసుకుంటే అమెరికా కంటే చవకే. కానీ అక్కడి క్లినిక్కులు విడిగా అమ్మడానికి ఇష్టపడవు. విటమిన్ సి, ఎనీమా, ప్రత్యేక ఆహారం, గది అద్దె అన్నీ కలిపి మూడు వారాల ప్యాకేజీ అంటారు, అది వేల డాలర్లు. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ 1980లో ఊపిరితిత్తుల పొర క్యాన్సర్‌తో అక్కడికి దగ్గర్లోని రోసారిటోకు వెళ్లాడు. ఆయనకు చికిత్స నడిపింది ఒక పళ్ల డాక్టరు. బాదం, ఆప్రికాట్ గింజల బాపతు లేట్రైల్, విటమిన్లు, కాఫీ ఎనీమాలు ఇచ్చారు. ఆ ఏడాది నవంబరులో మెక్సికోలోనే, ఆపరేషన్ తర్వాత పోయాడు. మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెటా స్కాట్ కింగ్ 2006 జనవరిలో అదే రోసారిటోలోని ఒక క్లినిక్‌లో కన్నుమూసింది. కొద్ది రోజులకే మెక్సికో అధికారులు ఆ క్లినిక్‌ను మూసేశారు. డబ్బుకు కొదవ లేని, సలహాదారులున్న మనుషులు వీళ్లు.

జర్మనీలో పరిస్థితి వేరు. అక్కడ 50 మిల్లీలీటర్లలో 7.5 గ్రాముల విటమిన్ సి ఉండే ఇంజెక్షన్ మందుల షాపులో దొరికే అనుమతి పొందిన ఔషధం. విటమిన్ సి లోపానికి దానికి అనుమతి ఇచ్చారు. పైగా 1939 నాటి చట్టం ప్రకారం లైసెన్సు పొందిన ‘హైల్‌ప్రాక్టికర్’లు, అంటే ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ లేని వైద్యులు, సూది కూడా వేయొచ్చు. కాబట్టి అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లకు డ్రిప్ దొరకడం సులువే, సరుకు నాణ్యత మీద కూడా పెద్ద దిగులు అక్కర్లేదు. ప్రభుత్వ ఆరోగ్య బీమా మాత్రం డబ్బు ఇవ్వదు. జపాన్‌లోనూ సొంత డబ్బుతో ‘అధిక సాంద్రత విటమిన్ సి’ ఎక్కించే క్లినిక్కులు వీధి వీధికీ ఉన్నాయి.

అమెరికాలో ఎఫ్‌డీఏ విటమిన్ సి ఇంజెక్షన్‌కు 2017లో అనుమతి ఇచ్చింది. దేనికనుకున్నారు? చిగుళ్ల నుంచి రక్తం కారి మనిషి శుష్కించే స్కర్వీ వ్యాధికి. మోతాదు, పెద్దవాళ్లకు రోజుకు 200 మిల్లీగ్రాములు, వారం రోజులకు మించకుండా. క్లినిక్కుల్లో ఎక్కించే 25 గ్రాములు దానికి 125 రెట్లు. క్యాన్సర్‌కు దాన్ని అనుమతించిన దాఖలా లేదు. డాక్టరు తన పూచీ మీద రాయొచ్చు, అంతే.

మరి ఇండియా? హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా డ్రిప్ క్లినిక్కులకు లోటు లేదు. మందు ధర అమెరికాతో పోలిస్తే అతి తక్కువ. అందుకే కొందరు సెలవులకు వచ్చినప్పుడు చేయించుకుంటారు, కొందరు ఆంపూల్స్ కొని సూట్‌కేసులో పెట్టుకుని పోతారు, అక్కడ తెలిసిన నర్సు ఎవరైనా సూది గుచ్చకపోతుందా అని. ఈ రెండోది ఎంత పిచ్చిపనో లెక్క వేస్తే తెలుస్తుంది. మన దగ్గర దొరికే చిన్న ఆంపూల్‌లో 500 మిల్లీగ్రాములు ఉంటుందనుకుంటే, 25 గ్రాములకు 50 ఆంపూల్స్ మెడ విరవాలి. యాభైసార్లు సిరంజి పెట్టి లాగాలి. ప్రతిసారీ గాజు నలుసు పడొచ్చు, ప్రతిసారీ వేలికున్న క్రిమి చేరొచ్చు. వంటింటి బల్ల మీద చేసే పని కాదది. ఆసుపత్రుల్లో అలాంటి మిశ్రమాన్ని గాలిని వడకట్టే ప్రత్యేక గదిలో ఫార్మసిస్టు కలుపుతాడు.

టికెట్టు ఖర్చు కూడా చాలామంది మరిచిపోతారు. కీమో మధ్యలో ఆపి విమానం ఎక్కితే పోయేది టికెట్టు డబ్బు ఒక్కటే కాదు. మామూలు చికిత్స వదిలేసి ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్నవాళ్ల గతి ఏమైందో అమెరికాలోని యేల్ పరిశోధకులు 2018లో లెక్క కట్టారు. నయమయ్యే దశలోనే ఉన్న రొమ్ము, పెద్దపేగు, ఊపిరితిత్తుల, ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులు వాళ్లు. మొత్తం మీద చావు ముప్పు రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లకు పైగా ఎక్కువ.

అసలు ప్రమాదాలు ఎక్కడున్నాయో క్లినిక్ బ్రోచర్లలో ఆఖరి పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైంది జి6పిడి అనే ఎంజైమ్. ఎర్ర రక్తకణాన్ని పెరాక్సైడ్ లాంటి దాడుల నుంచి కాపాడేది అదే. మలేరియా బాగా ఉన్న ప్రాంతాల వారసుల్లో ఈ లోపం ఎక్కువ, మన దేశంలో కొన్ని గిరిజన సమూహాల్లో మరీను. మగవాళ్లలోనే ఎక్కువగా బయటపడుతుంది. ఈ లోపమున్న మనిషికి భారీ డోసు ఎక్కిస్తే రక్తకణాలు నరాల్లోనే పగిలిపోతాయి. 1975లో అమెరికాలో 68 ఏళ్ల మనిషికి చేతి కాలిన గాయాలకని రోజుకు 80 గ్రాముల చొప్పున రెండు రోజులు ఎక్కించారు. ఆయన బతకలేదు. హైదరాబాద్, విజయవాడల్లోని మామూలు ల్యాబుల్లో ఈ పరీక్ష కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. మలేరియాకు ప్రైమాక్విన్ రాసేముందు డాక్టర్లు అడిగేది కూడా ఇదే.

తర్వాత మూత్రపిండాలు. ఒంట్లోకి వెళ్లిన విటమిన్ సిలో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. కిడ్నీలో రాళ్లు కట్టేది ఎక్కువగా ఆ ఆక్సలేటే. కిడ్నీలు అప్పటికే దెబ్బతిని ఉంటే ఆ స్ఫటికాలు గొట్టాల్లో పేరుకుపోతాయి. 45 గ్రాములు ఒక్కసారి ఎక్కించాక కిడ్నీలు పూర్తిగా ఆగిపోయిన రోగి గురించి 1985లోనే వైద్య పత్రికలో వచ్చింది. రాళ్ల చరిత్ర ఉన్నవాళ్లు, క్రియాటినిన్ పెరిగినవాళ్లు, థలసీమియా వల్ల పదేపదే రక్తం ఎక్కించుకుని ఒంట్లో ఇనుము పేరుకున్నవాళ్లు దీని జోలికి పోకూడదు.

ఉప్పు సంగతి చాలామంది వినే ఉండరు. విటమిన్ సి పుల్లటి ఆమ్లం కాబట్టి నరం మాడకుండా దాన్ని సోడియంతో కలిపి సీసాలో నింపుతారు. అమెరికా అనుమతించిన ఇంజెక్షన్‌లో మిల్లీలీటరుకు 65 మిల్లీగ్రాముల సోడియం ఉంది. 25 గ్రాముల డోసుతో పాటు మూడు గ్రాములకు పైగా సోడియం ఒంట్లోకి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతా కలిపి మించొద్దన్నది 2 గ్రాములు. బీపీ ఉన్న మనిషి, గుండె బలహీనమైన మనిషి, కాళ్లు వాచే మనిషి రెండు గంటల్లో తీసుకోవాల్సిన ఉప్పు కాదది.

ఇక షుగర్ ఉన్నవాళ్లు, అంటే మన ఇళ్లల్లో ఇంటికొకరు. వేలి కొస నుంచి చుక్క తీసే గ్లూకోమీటర్లలో చాలా రకాలు విటమిన్ సిని చూసి చక్కెర అనుకుంటాయి. డ్రిప్ తర్వాత మీటరు 400 చూపించొచ్చు, అసలు షుగర్ 110 ఉండొచ్చు. కంగారుపడి ఇన్సులిన్ తీసుకుంటే షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. అలాంటి ఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డ్రిప్ తీసుకున్న రోజు షుగర్ చూడాల్సింది ల్యాబులో నరం నుంచి తీసిన రక్తంతోనే, అదీ విటమిన్ సి తడబరచని పద్ధతిలో.

సూది ద్వారా విటమిన్ నిజంగా ప్రాణం నిలబెట్టే సందర్భాలు లేకపోలేదు. తాగుడుకు బానిసై థయమిన్ అడుగంటిన మనిషికి నరంలోకి ఇచ్చే బి1 మెదడును కాపాడుతుంది. పేగు పనిచేయని రోగికి నరం ద్వారానే ఆహారం ఇస్తూ అందులో విటమిన్లు కలుపుతారు. మాంసం, గుడ్లు ముట్టనివాళ్లకు, షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లకు బి12 తగ్గుతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం వస్తాయి. విదేశాల్లో ఒంటరిగా బ్రెడ్డు, నూడుల్స్ మీద నెట్టుకొచ్చే విద్యార్థుల్లో ఇది మామూలే. దానికి కండకు వేసే చిన్న సూదులు లేదా మాత్రలు చాలు, యూనివర్సిటీ హెల్త్ సెంటరులోనే అయిపోతుంది. నీరసంగా ఉందని 200 డాలర్ల డ్రిప్ ఎక్కించుకునే ముందు హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్, షుగర్ చూపించుకుంటే చాలామంది సమస్య అక్కడే తేలుతుంది.

క్యాన్సర్ కోసమే భారీ డోసు కావాలనుకుంటే, అందరూ వదిలేసే మార్గం ఒకటుంది. క్లినికల్ ట్రయల్. ప్రయోగంలో పరీక్షించే మందుకు సాధారణంగా రోగి దగ్గర డబ్బు తీసుకోరు. జి6పిడి, కిడ్నీ పరీక్షలు ముందే చేస్తారు, పక్కనే క్యాన్సర్ డాక్టరు ఉంటాడు, కీమో ఆగదు. అమెరికాలో ప్రభుత్వమే నడిపే క్లినికల్ ట్రయల్స్ వెబ్‌సైటులో జబ్బు పేరు, ‘ఆస్కార్బిక్ యాసిడ్’ అని కొడితే ఏ ఊళ్లో రోగులను చేర్చుకుంటున్నారో కనిపిస్తుంది. భారతదేశంలో సీటీఆర్‌ఐ జాబితా అలాంటిదే, 2009 నుంచి ట్రయల్స్ అన్నీ అందులో నమోదు కావాల్సిందే. ఒకటే షరతు, చీటీలో మీకు విటమిన్ రాకపోవచ్చు. అది ఇష్టం లేనివాళ్లు కూడా ఆ ట్రయల్ పత్రాలు తెప్పించుకుని చదవొచ్చు. ఎవరిని చేర్చుకోకూడదో అందులో రాసి ఉంటుంది. ఆ జాబితాలో మీ నాన్నగారి లాంటి మనిషి ఉంటే, బయట క్లినిక్‌లోనూ ఆయనకు అది ప్రమాదమే.

ఇవేవీ కుదరక, అన్నీ తెలిసే బయట పెట్టించాలనుకునే కుటుంబాలూ ఉంటాయి. వాళ్లను తప్పు పట్టేవాళ్లం మనం కాదు. డాక్టరు రాసిన చీటీ కాగితం మీద ఉందా, మందు ఏ కంపెనీది, ఎవరు కలుపుతున్నారు, ఏదైనా అయితే దగ్గర్లోని ఎమర్జెన్సీ ఎంత దూరం అని అడగండి. డ్రిప్ వివరాలు తేదీలతో సహా రాసి కీమో డాక్టరుకు ఇవ్వండి. జి6పిడి, క్రియాటినిన్ రిపోర్టులు అడగకుండానే సూది తీసే క్లినిక్ ఎంత చవకగా చేస్తానన్నా, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.